టాపు తీస్తే... సముద్రమే!

ఓ పక్క కొండలు, మరో పక్క పసిఫిక్ మహాసముద్రం. మధ్యలో మెలికలు తిరుగుతూ సాగే దారి... అదే అమెరికాలోని కాలిఫోర్నియా హైవే-1. కార్మెల్ దాటి బిగ్‌సర్ వైపు వెళ్తే 1932 నాటి బిక్స్‌బీ వంతెన కనువిందు చేస్తుంది. ఈ అందాలన్నీ టాపులేని కారులోంచి చూడాలని ఎవరికుండదూ! కొత్తది కొనాలంటే ఖరీదెక్కువ. అందుకే చాలామంది సెకండ్‌హ్యాండ్ మాజ్దా మియాటా కోసం వెతుకుతారు. 1989లో వచ్చిన ఈ బుల్లి కారుకి రెండే సీట్లు. పిల్లలుంటే, వెనక కాస్త ఇరుకైనా నాలుగు సీట్ల ఫోర్డ్ మస్టాంగ్ నయం.

రంగు చూసి మురిసిపోతే మాత్రం జేబుకి చిల్లే! ముందు గుడ్డ టాపుని రెండుమూడుసార్లు వేసి, తీసి చూడాలి. చిరుగులుంటే, మార్పించడానికయ్యే ఖర్చుని ధరలో తగ్గించమనాలి. కాళ్లకింది కార్పెట్ తడిగా ఉన్నా, ముక్కిపోయిన వాసన వస్తున్నా లోపలికి నీళ్లు దిగుతున్నట్టే. తలుపుల కింది అంచుల్లో తుప్పు ఉందేమో వంగి మరీ చూడాలి. బేరానికి చలికాలమే మేలు. అప్పుడు ఇలాంటి కార్లని అడిగేవాళ్లు తక్కువ.

అన్నట్టు, హీటరు పనిచేస్తోందో లేదో చూడటం మరవొద్దు. వేసవిలోనే బిగ్‌సర్ తీరాన్ని పొగమంచు కమ్మేస్తుంటుంది. ఎండ కోసం టాపు తీస్తే చలి పలకరిస్తుంది మరి!