కిటికీ లేని ఓడ

పిల్లలూ! నీళ్ళ అడుగున పోయే ఓడను మీరు బొమ్మల్లో చూసే ఉంటారు. దాన్ని జలాంతర్గామి అంటారు. యుద్ధానికి కట్టిన జలాంతర్గామికి కిటికీలుండవు. లోపల ఉన్నవాళ్ళకు చేపలూ కనబడవు, నీళ్ళూ కనబడవు. ఈ సంగతి నేను చిన్నప్పుడే చదివాను. కాని దాని అర్థం మాత్రం ఈ మధ్య ఒక కంప్యూటరు ఆట ఆడితేనే తెలిసింది. అది ఎలా జరిగిందో చెబుతాను, వినండి.

ఆ ఆట పేరు 'సైలెంట్ హంటర్'. ఆ వరసలో నాలుగవది 2007లో వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ మహాసముద్రంలో తిరిగిన అమెరికా జలాంతర్గామికి మనం కెప్టెన్లం అన్నమాట. ఆట మొదలుపెట్టేముందు ఒక పట్టిక కనబడుతుంది. దానిలో చిన్న చిన్న గళ్ళుంటాయి. బ్యాటరీ అయిపోవాలా, అక్కరలేదా? లోపలి గాలి చెడిపోవాలా, అక్కరలేదా? మన ఓడను బయటినుంచి చూడవచ్చునా, చూడరాదా? ఒక్కొక్క కష్టానికి మనం ఒప్పుకున్నకొద్దీ, ఆట నూటికి ఎన్నిపాళ్ళు నిజంలాగా ఉన్నదో చెప్పే అంకె పెరుగుతుంది. అన్నిటికీ ఒప్పుకుంటే 100.

వేసవి సెలవులకు వచ్చిన మా మేనకోడలూ నేనూ కలిసి ఆట మొదలుపెట్టాం. దానికి పన్నెండేళ్ళు. కష్టాలు కొనితెచ్చుకోవటం ఎందుకని నేను గళ్ళన్నీ ఖాళీగా వదిలేశాను. ఇంకేం! మా బ్యాటరీ తరగదు, గాలి చెడదు. టార్పెడో అంటే నీళ్ళలో తనంతట తానే దూసుకుపోయి, ఓడను తాకి పేలే ఆయుధం. మేము వదిలిన ప్రతి టార్పెడో తప్పకుండా పేలేది. సముద్రపు కొంగలాగా పైనుంచి చూస్తూ, ఒక్క సాయంత్రంలో తొమ్మిది ఓడలు ముంచాం. మూడోరోజుకి ఇద్దరికీ విసుగు పుట్టింది.

"మామయ్యా, మనం ఓడలో ఉన్నామా, ఓడమీద ఎగురుతున్నామా?" అని అడిగింది మా మేనకోడలు.

నాకు జవాబు తోచలేదు. పట్టిక తెరిచి, బయటినుంచి చూడరాదనే గడి నింపాను. బ్యాటరీ గడీ, గాలి గడీ కూడా నింపాను.

ఆనాడు ఓడంతా మారిపోయినట్టు అనిపించింది. జలాంతర్గామి తన తొట్లలోకి సముద్రపు నీరు నింపుకుని మునుగుతుంది. అదిమిపెట్టి ఉంచిన గాలితో ఆ నీటిని బయటికి నెట్టి తేలుతుంది. నీటిపైన ఉన్నప్పుడు డీజిలు ఇంజనుతో నడుస్తుంది. మునిగాక ఇంజనుకు గాలి దొరకదు గనక బ్యాటరీలే దిక్కు. ఆ కాలపు అమెరికా జలాంతర్గామి నీళ్ళలో నత్తలాగా పాకితే బ్యాటరీ సుమారు రెండు రోజులు వచ్చేది. పరుగెత్తితే దాదాపు గంటలో హరించిపోయేది. అందుచేత పారిపోదామని తొందరపడినవాడే ముందు చిక్కిపోతాడు!

ఒక రాత్రి మమ్మల్ని ఒక యుద్ధనౌక తరిమింది. మేము లోతుకు దిగి ఊపిరి బిగపట్టి కూర్చున్నాం. కళ్ళకు ఏమీ కనబడదు. పైన దాని చక్రాలు తిరిగే చప్పుడు మాత్రం ఒకసారి దగ్గిరగా, ఒకసారి దూరంగా వినిపిస్తున్నది. అంతలో మా మేనకోడలు చప్పుడు చేయకుండా లేచి వెళ్ళి, గదిలో ఫాను ఆపేసి వచ్చింది.

"ఫాను ఎందుకే ఆపావు?" అన్నాను.

"ష్! పైవాళ్ళకు వినిపిస్తుంది," అన్నది గుసగుసగా.

నాకు నవ్వు రావలసింది. కాని నేనూ గుసగుసగానే, "మంచిపని చేశావు," అన్నాను. చూశారా! అంతా కనబడినప్పుడు మేము కుర్చీల్లోనే ఉన్నాం. ఏమీ కనబడనప్పుడు ఓడలోకి వెళ్ళిపోయాం.

మర్నాడు గురి కూడా మేమే చూసుకోవాలనే గడి నింపాం. ఇక్కడే మీ లెక్కల పుస్తకం అక్కరకు వస్తుంది. 10 నాట్ల వేగంతో పోయే ఓడ సెకనుకు 5 మీటర్లకు కాస్త పైగా కదులుతుంది. 46 నాట్ల టార్పెడో సెకనుకు సుమారు 24 మీటర్లు పోతుంది. ఓడ 1,200 మీటర్ల దూరాన ఉంటే టార్పెడో అక్కడికి చేరటానికి 50 సెకన్లు కావాలి. ఈలోగా ఓడ సుమారు 250 మీటర్లు ముందుకు పోతుంది. అంటే ఓడ ఉన్నచోటికి కాదు, ఉండబోయే చోటికి గురి పెట్టాలి. మా మేనకోడలు కాగితంమీద లెక్క కట్టింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి ఓడ మునిగినప్పుడు అది గెంతిన గెంతు మీరు చూడవలసింది!

తరువాత పేలని టార్పెడోల గడి నింపాం. లెక్క సరిగ్గా కట్టి వదిలిన టార్పెడో ఓడకు 'టంగు'మని తగిలి ఊరుకున్నది. ఇంకొకటీ అంతే. "ఆట చెడిపోయింది!" అని నేను విసుక్కున్నాను. తరువాత చరిత్ర చదివితే నాకే సిగ్గువేసింది.

1943 జులై 24న 'టినోసా' అనే అమెరికా జలాంతర్గామి ఒక పెద్ద జపాను చమురు ఓడమీద 15 టార్పెడోలు వదిలింది. వాటిలో 11 ఓడకు తగిలి కూడా పేలలేదు. దాని కెప్టెను డాస్పిట్ మిగిలిన ఒక్కదాన్ని వదలకుండా, పరీక్ష చేయించటానికి పెర్ల్ హార్బరుకు తీసుకుపోయాడు. ఆ ఆగస్టులో హవాయి దీవుల్లోని కహూలావే కొండచరియలమీదికి టార్పెడోలు వదిలి చూశారు. టార్పెడో ఎదురుగా గట్టిగా గుద్దుకుంటే, లోపల మందును అంటించే సూది ఇరుక్కుపోతున్నదని తేలింది. లోపం ఆటది కాదు, ఆనాటి టార్పెడోది. నావికులు ఎన్నో నెలలుగా మొరపెట్టుకుంటున్నా, గురి తప్పిందేమోనని వాళ్ళనే తప్పుపట్టారట.

చివరికి మా పట్టికలో 100 అనే అంకె పడింది. ఇక అంతా నిజమేనని పొంగిపోయాం.

సెలవులు అయ్యేలోగా విశాఖపట్నం వెళ్ళాం. అక్కడి బీచిలో 'కుర్సుర' అనే నిజమైన జలాంతర్గామి ఉన్నది. అది 1969లో మన నౌకాదళంలో చేరి 2001దాకా పనిచేసింది. 2002నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది. పొడవు 91 మీటర్లు. గుండ్రని తలుపుల్లోనుంచి వంగి దూరుతూ, ఆ గొట్టాల మధ్య సుమారు 75 మంది ఎలా బతికారా అనుకున్నాం.

బయటికి వచ్చి ఇసుకలో కూర్చున్నాక నేను 'ఘాజీ' సంగతి చెప్పాను. అది 1944లో అమెరికాలో నీటికి దించిన జలాంతర్గామి, అంటే మా ఆటలోని ఓడల కాలానిదే. తరువాత పాకిస్తాను నౌకాదళానికి చేరింది. 1971 యుద్ధంలో, డిసెంబరు 3వ తేదీ రాత్రి తెల్లవారేలోగా, ఈ విశాఖ సముద్రంలోనే మునిగిపోయింది. అందులో ఉన్న తొంభైమందికి పైగా మనుషుల్లో ఒక్కడూ మిగలలేదు.

మా మేనకోడలు చాలాసేపు సముద్రంవంక చూసింది. "మామయ్యా, మనం ముంచిన ఓడల్లో కూడా మనుషులున్నారా?" అన్నది.

ఆటలో ఓడ మునిగితే ఇన్ని టన్నులని పుస్తకంలో పడుతుంది. అంతే. మనుషులకు ఆ పట్టికలో గడి లేదు. "నిజం ఓడలైతే ఉండేవాళ్ళమ్మా," అన్నాను.

ఇంటికి వచ్చాక ఒక్కసారే ఆడాం. మునిమాపు చీకట్లో ఒక ఓడ వచ్చింది. లెక్క సరిగ్గా కుదిరింది. అది పెరిస్కోపులోనుంచి ఎంతో సేపు చూసి, "జెండా తెలియటం లేదు," అని ఓడను పోనిచ్చింది. మాకు మార్కులు రాలేదు. నేనేమీ అనలేదు.

పిల్లలూ, మీరూ ఇటువంటి ఆట ఆడితే గళ్ళన్నీ ఒక్కసారే నింపకండి. ఒక్కొక్కటే నింపండి. నింపినప్పుడల్లా ఆ కష్టం నిజంగా ఎవరు పడ్డారో వెతికి చదవండి. పట్టికలో లేని గడిని మాత్రం మీరే గుర్తుపెట్టుకోవాలి.