బిల్లు ఫైలు చేయని తప్పు

మన ఏటూరునాగారం హాస్టలులో మేడారం జాతర వచ్చిందంటే సగం మందిమి ఇళ్లకు పోయేవాళ్లం. ఎవరు ఎన్ని రోజులు లేరో తేలక మెస్ పుస్తకం దగ్గర ఒకటే గొడవ. అది గుర్తుండే ఎంసీఏ ప్రాజెక్టుకు మేము ముగ్గురం సీ భాషలో మెస్ లెక్కల ప్రోగ్రాం తీసుకున్నాం.

హాజరు, సరుకులు, బిల్లు అని మూడు ఫైళ్లు. మూడింటికీ ఉమ్మడిగా ఒక హెడర్ ఫైలు. విద్యార్థి రికార్డులో ఏ అంకె తర్వాత ఏది ఉండాలో దాంట్లోనే ఉంటుంది. ప్రాజెక్టు చూపించడానికి రెండు రోజుల ముందు ఆ రికార్డు మధ్యలో 'సెలవు రోజులు' చేర్చాం. హాజరు, సరుకులు ఫైళ్లు సవరించి 'మేక్' కొట్టాం. తీరా చూస్తే నాలుగు రోజులు ఇంటికి పోయినవాడికి 4 కిలోల బియ్యం, ఒక్కరోజు కూడా పోనివాడికి సున్న!

బిల్లు రాసిన మిత్రుణ్ణి పట్టుకున్నాం. "నేను ఆ ఫైలు ముట్టనే లేదురా" అన్నాడు. మేము నమ్మలేదు. తప్పులన్నీ కాగితం మీద రాసి పైన అతని పేరు పెట్టాం. ఆ రాత్రి అతను మాతో అన్నానికి రాలేదు.

అసలు ముట్టకపోవడమే కారణం. మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. అది ఫైళ్ల తేదీ, సమయం చూసి, మారినవాటినే మళ్లీ కంపైల్ చేయిస్తుంది. ఏ ఫైలు ఏ హెడర్ మీద ఆధారపడిందో మాత్రం మనమే చెప్పాలి. బిల్లు వరుసలో హెడర్ పేరు రాయడం మేమే మరిచిపోయాం. పాత బిల్లు పాత వరుసలోనే చదువుతూ, బియ్యం ఉండాల్సిన చోట సెలవులు ఎత్తుకుంది. అన్నీ చెరిపి మొదటి నుంచి కంపైల్ చేస్తే, ఒక్క అక్షరం మార్చకుండానే లెక్క సరిపోయింది.

ఈ జాబితా చేత్తో రాయనక్కర లేదని జీసీసీ మాన్యువల్ చదివాకే తెలిసింది. హెడర్లన్నీ తెరిచేది కంపైలరే కదా! ఎన్ని పళ్లేలు వడ్డించిందో వంట అక్కను అడిగినట్టే. 'హైఫన్ ఎంఎండీ' అని ఇస్తే కంపైల్ చేస్తూనే ప్రతి ఫైలుకూ ఒక 'డాట్ డీ' ఫైలు రాసి పెడుతుంది. స్టుడియో, మ్యాథ్ లాంటి సిస్టమ్ హెడర్లను వదిలేస్తుంది. 'హైఫన్ ఎంపీ' కూడా ఇస్తే రేపు ఏదైనా హెడర్ తీసేసినా మేక్ ఆగిపోదు. మేక్‌ఫైలు చివర 'ఇన్‌క్లూడ్' ముందు హైఫన్ పెట్టి ఆ డాట్ డీ ఫైళ్లను కలపాలి. మొదటిసారి అవి లేకపోయినా మేక్ పేచీ పెట్టదు. తమ్ముళ్లూ, ఇవి చేర్చాక ఒక్కసారి పాత ఆబ్జెక్టు ఫైళ్లన్నీ చెరపండి. మేము అదీ మరిచి ఇంకో గంట పోగొట్టుకున్నాం.

తెల్లవారి అతని గదికి పోయి సంగతి చెప్పాం. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందు ఆ కాగితం ఇటియ్యండి" అని తీసుకుని, తన పేరు కొట్టేసి మా ఇద్దరి పేర్లు రాశాడు.