కత్తి లోపల పెట్టమను!

అనగనగా ఓ రాజకుమారి. తండ్రి యుద్ధానికెళ్లాడు. అదను చూసి దుష్టమంత్రి ఆమెను బంధించాడు. ‘నన్ను పెళ్లాడతావా... చస్తావా? తేల్చుకోవడానికి గంట టైమిస్తున్నా’ అన్నాడు. ఆమె ప్రేమించిన కుర్రాడేమో కింద చీకటికొట్లో...

ఇంతవరకూ వచ్చిందో లేదో, మావాడు టప్‌మని ఓ మీట నొక్కాడు. రాజకుమారి మాయం. కథ మాయం. ఆట మొదలు!

‘అదేంట్రా, కథ చూడవా?’ అన్నాను, గుండె కలుక్కుమంటే.

‘కథ కావాలంటే సినిమా చూస్తా కదా నాన్నా!’ అన్నాడు స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే.

వాడికి పదకొండేళ్లు. వేసవి సెలవులు. కొత్త గేములన్నీ అయిపోయాయని గొణుగుతుంటే, నా చిన్నప్పటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ను వెతికి వెతికి ల్యాప్‌టాప్‌లో పెట్టిచ్చాను. వాడు మొహం మీదే కథ అక్కర్లేదనేశాడు. కథలు రాసుకుని బతికేవాణ్ణి... నాకెలా ఉంటుంది చెప్పండి!

ఉక్రోషం ఆపుకోలేక మర్నాడు ఆఫీసులో ఈ మాటే కదిపాను. రెండు జట్లయిపోయారు. ‘గేమంటే ఆడటానికి. కథ ఎవడిక్కావాలి?’ అని ఒకళ్లు. ‘కథ లేకపోతే అందులో ఏముంది, వేళ్ల నొప్పులు తప్ప!’ అని ఇంకొకళ్లు. టీ చల్లారింది కానీ గొడవ తేలలేదు.

నిజానికి ఈ గొడవ పాతదే. మన అరుగుల మీదా ఉంది. పులి-మేక ఆట తీసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి పేరేంటి, మేకల మీద దానికి పగెందుకు... ఎవరైనా అడిగారా? గులకరాళ్లు పెట్టుకుని పొద్దుగూకేదాకా ఆడేవాళ్లు. ఎత్తుకు పైఎత్తు... అంతే! అదే వైకుంఠపాళి చూడండి. అందులో మన తెలివికి పనేలేదు. గవ్వలు ఎంత వేస్తే అంత. కానీ పాములకు రాక్షసుల పేర్లున్నాయి, నిచ్చెనలకు పుణ్యాలున్నాయి. పైదాకా వెళ్లాక పెద్దపాము మింగితే మా నాయనమ్మ గడి వంక కాదు, నా వంక చూసేది. ‘పొద్దున అబద్ధమాడావుగా, అదీ!’ అనేది. ఆ ఆటను నిలబెట్టింది కథే!

కంప్యూటర్ ఆటల్లోనూ అంతే. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ అనే పరిశోధకుడు ‘టెట్రిస్’ తయారుచేశాడు. పైనుంచి ముక్కలు పడుతుంటాయి, మనం సర్దుతుంటాం. ఎందుకు పడుతున్నాయో ఎవరికీ తెలీదు. అయినా ప్రపంచమంతా ఆడింది, ఇప్పటికీ ఆడుతోంది. 1993లో వచ్చిన ‘డూమ్’ సంగతి మరీ చిత్రం. ఆ బృందంలోని టామ్ హాల్ పాత్రలూ మలుపులతో పెద్ద కథే రాసుకున్నాడు. మిగతావాళ్లు అంత కథ మనకెందుకన్నారు. ఆట విడుదలకు ముందే అతను ఆ కంపెనీ వదిలేశాడు. డూమ్ మాత్రం దుమ్ము దులిపింది.

అలాగని కథ పక్షం ఓడిపోయిందనుకోకండి. 2013లో వచ్చిన ‘ద లాస్ట్ ఆఫ్ అజ్’ను జనం కథ కోసమే ఆడారు. కూతుర్ని పోగొట్టుకున్న ఓ తండ్రి, పరాయి పిల్లను కాపాడుకుంటూ దేశం దాటే కథ అది. పదేళ్ల తర్వాత, 2023లో, దాన్నే టీవీ సిరీస్‌గా తీస్తే గేమంటే ఏంటో తెలియనివాళ్లూ కూర్చుని చూశారు.

మరి ఎవరిది నిజం? నాకు తోచిన జవాబు పుస్తకాల్లో దొరికింది కాదు. పాతికేళ్ల కిందట తెనాలిలో, ఓ కంప్యూటర్ సెంటర్లో దొరికింది.

అది 2000 సంవత్సరం, వేసవి. నాది ఏడో తరగతి అయిపోయింది, అన్నయ్యది ఇంటర్. ‘కంప్యూటర్ వస్తేనే భవిష్యత్తు’ అని ఎవరో చెబితే నాన్న ఇద్దర్నీ తీసుకెళ్లి చేర్పించారు. చెప్పులు బయట విడిచి లోపలికెళ్లాలి. ఏసీ గది. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరిద్దరు. వారమంతా పాఠాలు. శనివారం మాత్రం చివరి అరగంట సార్ దయతలిచి ‘ప్రిన్స్’ పెట్టనిచ్చేవారు.

మాకు ఇంగ్లిషు అంతంతమాత్రం. తెర మీద అక్షరాలు వచ్చేవి, పోయేవి. రాజకుమారి ముందు ఇసుక గడియారం పెట్టారని తెలుసు, తొందరపడాలని తెలుసు. అంతే మా కథ. కానీ ఆ కుర్రాడి పరుగు చూస్తే నిజం మనిషి పరిగెత్తినట్టే ఉండేది. ఎత్తు నుంచి పడితే మాకే నడుం విరిగినట్టుండేది. కొన్ని మీటలు నా వేళ్ల కింద, కొన్ని అన్నయ్య వేళ్ల కింద. ఇద్దరం కలిస్తేనే ఒక్క మనిషి కదిలేవాడు!

నాలుగో అంకంలో ఓ అద్దం అడ్డొస్తుంది. పరిగెత్తుకొచ్చి అందులోకి దూకాలి. దూకితే అటువైపు నుంచి అచ్చం మనలాంటివాడే ఒకడు బయటికి దూకుతాడు. మనకేమో ప్రాణాలన్నీ పోయి ఒక్కటే మిగులుతుంది. ఆ నీడమనిషి ఇక వదలడు. మనకు దక్కాల్సిన మందు తాగేసి పోతాడు. మన ముందు తలుపు మూసి కిందికి పడేలా చేస్తాడు. మాకు వాడంటే ఎంత కసో! దొరికితే చంపెయ్యాలని శపథాలు చేసుకునేవాళ్లం.

పన్నెండో అంకంలో దొరికాడు. కత్తి దూశాం. అన్నయ్య ‘పొడు, పొడు’ అంటున్నాడు. పొడిచాను. వాడి ప్రాణం ఒకటి తగ్గింది. విచిత్రం... మాదీ ఒకటి తగ్గింది! ఇంకో పోటు. అటొకటి, ఇటొకటి. ఆఖరి పోటుకు వాడు చచ్చాడు. మేమూ చచ్చాం.

మూడు శనివారాలు అదే తంతు. నాలుగో శనివారం నాకు ఏడుపొచ్చి, ‘నేనాడను పో’ అని విసురుగా కింది బాణం నొక్కాను. మావాడు కత్తి ఒరలో పెట్టేశాడు. ‘చంపేస్తాడ్రా!’ అని అరిచాడు అన్నయ్య. కానీ ఎదురుగా ఉన్నవాడూ కత్తి దించేశాడు. అన్నయ్య ఊపిరి బిగబట్టి, ‘ముందుకు పోనీ’ అన్నాడు. పోనిచ్చాను. ఇద్దరూ ఒకరిలో ఒకరు కలిసిపోయారు. ఆ తర్వాత అగాధం మీద అడుగేస్తే, లేని వంతెన కాళ్ల కింద ఒక్కో పలకగా పుట్టుకొచ్చింది!

ఒక్క మాట రాయలేదు. ఎవరూ చెప్పలేదు. నువ్వు కొట్టేది నిన్నేనని నా వేలికే తెలిసొచ్చింది. అంత గొప్ప కథ ఆ వయసులో ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

పెద్దయ్యాక దాని పుట్టుపూర్వోత్తరాలు చదివాను. తయారుచేసింది జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా కుర్రాడు. విడుదలైంది 1989లో. మనిషి పరుగు సహజంగా రావాలని సొంత తమ్ముడు డేవిడ్‌ను పరిగెత్తించి, గెంతించి వీడియో తీసి ఒక్కో కదలికా చూసి గీసుకున్నాడట. అన్నట్టు, మొదట్లో ఆ ఆటలో పోరాటమే లేదు. చూసినవాళ్లు చప్పగా ఉందన్నారు. కొత్త శత్రువును పెడదామంటే కంప్యూటర్లో మెమొరీ చాల్లేదు. సరే, యువరాజు బొమ్మనే కాస్త మార్చి ఎదురు నిలబెడితే సరి అనుకున్నారు. అలా పుట్టాడు నీడమనిషి! అంటే... కథ కోసం రాలేదు వాడు. ఆట రక్తి కట్టడం కోసం వచ్చాడు. వచ్చి, కథకే ప్రాణమయ్యాడు.

అందుకే నా మట్టుకు నాకు ఈ పోటీయే తప్పనిపిస్తుంది. ఆటకు ముందు అతికించే కథ శుభలేఖ లాంటిది. చదివితే చదువుతాం, లేకపోతే లేదు. విందు అసలు సంగతి. కానీ ఆడుతూ ఆడుతూ మన చేతులకే అర్థమయ్యే కథ ఒకటుంటుంది చూశారూ, అది సినిమా ఇవ్వలేదు. 2010లో ఈ పేరుతోనే హాలీవుడ్ సినిమా వస్తే వెళ్లాను. బాగానే ఉంది. కానీ నా వేళ్లకు పనిలేదు. పక్క సీట్లో అన్నయ్యా లేడు.

అన్నయ్య సంగతి ఎత్తాను కాబట్టి మిగతాదీ చెప్పాలి.

నాలుగేళ్ల కిందట నాన్న పోయారు. తెనాలి ఇల్లు అమ్మేద్దామని పుణెలో ఉండే అన్నయ్య, ఉంచుదామని నేను. మాటా మాటా పెరిగింది. ‘నాన్న మంచంలో ఉన్నప్పుడు ఎన్నిసార్లొచ్చావు?’ అనేశాను. ‘దగ్గరుండి నువ్వేం ఉద్ధరించావు?’ అన్నాడు వాడు. సరిగ్గా తగలాల్సినచోటే తగిలాయి ఇద్దరి మాటలూ. ఇల్లు అలాగే ఉంది, తాళం వేసి. పండక్కి ఫోన్లు ఆడవాళ్ల మధ్యే నడుస్తున్నాయి. మా ఇద్దరి మధ్యా ‘బాగున్నావా... ఆఁ, బాగున్నా’ తప్ప ఇంకేం లేదు.

ఇక మళ్లీ మావాడి దగ్గరికొద్దాం. కథ వద్దన్న ఆ పెద్దమనిషి, మూడు వారాలు పట్టు వదల్లేదు. ఓ ఆదివారం మధ్యాహ్నం జుట్టు పీక్కుంటూ వచ్చాడు.

‘నాన్నా, వీడు చావట్లేదు. చస్తే నేనూ చస్తున్నా. ఏం చెయ్యాలి?’

నోటిదాకా వచ్చింది జవాబు. కానీ ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. ‘మీ పెదనాన్నకు ఫోన్ చేసి అడుగు’ అన్నాను.

వాడు స్పీకర్ పెట్టి గడగడా చెప్పేశాడు. ‘పెదనాన్నా, ప్రిన్స్... పన్నెండో లెవెల్... వీడెవడో నాలాగే ఉన్నాడు...’

అటువైపు చాలాసేపు మాటల్లేవు. కట్ అయిందేమో అనుకున్నాం.

‘ముందు కత్తి లోపల పెట్టు’ అన్నాడు అన్నయ్య. గొంతు మారింది. ‘అయినా నన్నడుగుతావేంట్రా? అది కనిపెట్టింది మీ నాన్నే. వాడికి తెలీదూ!’

మావాడు ఫోన్ నా చేతిలో పడేసి లోపలికి పరిగెత్తాడు. కాసేపటికి లోపలినుంచి కేక... ‘నాన్నా! కలిసిపోయారు!’

ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. స్పీకర్ తీసేసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

‘విన్నావా అన్నయ్యా?’ అన్నాను.

‘విన్నాన్రా’ అన్నాడు.

ఇంటి సంగతి ఆ రోజు మాట్లాడుకోలేదు. నాన్న సంగతీ మాట్లాడుకోలేదు. ఆ కంప్యూటర్ సెంటర్ మెట్ల దగ్గర ఎవరి చెప్పులు పోయాయో, సార్ ఎవర్ని తిట్టారో... ముప్పావుగంట అదే సోది. దసరాకి తెనాలి వస్తానన్నాడు. తాళంచెవి నా దగ్గరే ఉంది. ముందు వెళ్లి దుమ్ము దులిపించాలి.

రాత్రి మావాడు అన్నం తింటూ మెల్లగా అడిగాడు... ‘నాన్నా, ఆ మొదట్లో నేను దాటేశానే, ఆ కథేంటి?’