సెలవు లేనివాళ్ల పున్నమి

వైశాఖ పున్నమిని ఏ రోజు జరుపుకోవాలి అని అడిగితే ఎవరైనా నవ్వుతారు. పున్నమి నాడే కదా అంటారు. కానీ రాయపూర్‌లో మా చిన్న ఉపాసక బృందం ఈ ప్రశ్న మీద రెండు ఆదివారాలు కూర్చుని వాదించుకుంది. ఇది మా ఊరి వాదన మాత్రమే కాదు. బౌద్ధులున్న చాలా దేశాల్లో ఏదో ఒక రూపంలో జరిగినదే. అందుకే మీ ముందు పెడుతున్నాను.

ముందు మేమెవరమో చెప్పాలి. విజయనగరం నుండి పార్వతీపురం మీదుగా రాయపూర్ వరకు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారినే ఉత్తరాంధ్ర నుండి మా పెద్దల తరం ఇక్కడికి వచ్చింది. కొందరు రైల్వేలో కుదిరారు, కొందరు కూలికి నిలబడ్డారు. ఇప్పటికీ డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీ చుట్టుపక్కల తెలుగు వినిపిస్తుంది. మా పిల్లల తరం ఉర్లా, సిల్తరా ఫ్యాక్టరీల్లో, ఆసుపత్రుల్లో, దుకాణాల్లో పనిచేస్తోంది. అందులో ధమ్మదీక్ష తీసుకున్న కుటుంబాలు కొద్ది. మాకు వందన నేర్పింది నాగపూర్ వైపు నుండి వచ్చిన మరాఠీ బౌద్ధులు. కాబట్టి మా కూటమిలో తెలుగు, మరాఠీ, ఛత్తీస్‌గఢీ మూడూ కలిసే నడుస్తాయి.

ఆ ఏడాది పున్నమి వారం మధ్యలో వచ్చింది. బుద్ధ పూర్ణిమ కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు తప్పనిసరి సెలవుల్లో ఒకటి. బ్యాంకు ఉద్యోగికీ, రైల్వే గుమాస్తాకూ ఇబ్బంది లేదు. ప్రైవేటులో పనిచేసే కుర్రాళ్లు మాత్రం, “ఆదివారానికి మార్చండి, అప్పుడైతే అందరం వస్తాం” అన్నారు. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. “దీపావళిని ఎవరైనా ఆదివారానికి జరుపుతారా? ఈద్‌ను జరుపుతారా? మన పండుగే ఎందుకు జరగాలి? ఒకసారి జరిపితే ఇక అది పండుగ కాదు, మీటింగు అవుతుంది” అన్నారు. రెండు మాటల్లోనూ బరువుంది. దసరా నాడు మా కాలనీ మైదానంలో జరిగే రావణ దహనానికి ఊరంతా కదిలివస్తుంది. ఆ జనం మధ్య పెరిగే మన పిల్లలకు, మనకూ ఒక రోజు ఉంది అని చూపించాలనే ఆరాటం పెద్దవాళ్ల మాటలో ఉంది.

మిగతా దేశాలవాళ్లు ఏం చేస్తున్నారో చూద్దామని ఒక కుర్రాడు అన్నాడు. అక్కడి నుండి మా వాదన పెద్దదయింది.

శ్రీలంకలో వెసాక్ సెలవు ఊరికే రాలేదు. 1883లో కొలంబోలోని కొటహేనలో బౌద్ధుల ఊరేగింపు మీద దాడి జరిగింది. న్యాయం అడగడానికి కర్నల్ ఆల్కాట్ 1884లో లండన్ దాకా వెళ్లారు. ఆ పోరాటం ఫలితంగా 1885లో వలస ప్రభుత్వం వెసాక్‌ను సెలవు దినంగా ప్రకటించింది. ఈరోజు మనం ఇళ్ల మీద ఎగరేసే బౌద్ధ పతాకాన్ని మొదటిసారి బహిరంగంగా ఎగరేసింది కూడా ఆ వెసాక్ నాడే, 1885 ఏప్రిల్ 28న. దక్షిణ కొరియాలో బుద్ధ జయంతి సెలవు దినమైంది 1975లో. ఐక్యరాజ్యసమితి వెసాక్‌ను గుర్తిస్తూ తీర్మానం చేసింది 1999లో. అంటే పండుగ వయసు వేల ఏళ్లదైనా, సెలవు మాత్రం చాలాచోట్ల ఈమధ్య అడిగి తెచ్చుకున్నదే.

ఇక తేదీ సంగతి. మనం, శ్రీలంక, థాయిలాండ్ పున్నమిని పాటిస్తాం. కొరియాలో చాంద్రమాన నాలుగో నెల ఎనిమిదో రోజు. జపాన్ ఆ ఎనిమిదిని కొత్త క్యాలెండర్‌లోకి మార్చుకుని ఏప్రిల్ 8న పూల పండుగ చేస్తుంది. చిన్న బాలబుద్ధుడి బొమ్మ మీద తియ్యటి తేనీరు పోస్తారు. జపాన్‌లో ఆ రోజు ప్రభుత్వ సెలవు కూడా కాదు. తైవాన్ ప్రభుత్వమైతే 1999లో బుద్ధ జయంతిని మే నెల రెండో ఆదివారానికి నిర్ణయించింది. అక్కడ మాతృదినోత్సవం కూడా అదే రోజు. ఇది వినగానే మా కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

పెద్దవాళ్లకూ ఒక ఉదాహరణ దొరికింది. శ్రీలంక 1966లో ఆదివారాన్నే పక్కన పెట్టి, పోయ రోజుల్ని వారాంతపు సెలవులు చేసింది. పోయ అనే మాట మన ఉపోసథం నుండి వచ్చిందే. కానీ చంద్రుడి లెక్కన సెలవు ఒక్కో వారం ఒక్కో రోజున వస్తుంటే, ఆదివారం మూసుకునే ప్రపంచంతో వ్యాపారం కుదరలేదు. 1971లో మళ్లీ ఆదివారానికే వచ్చారు. అయినా పున్నమి పోయను మాత్రం వదల్లేదు. ఇప్పటికీ అక్కడ ఏ నెలలోనైనా పున్నమి సెలవే. “చూశారా, పని రోజుల లెక్క మారింది గానీ పున్నమి మారలేదు” అన్నారు మా పెద్దలు.

ఇంతకూ ఉపోసథం ఎలా మొదలైంది? వినయపిటకం మహావగ్గలో ఉంది. రాజగృహంలో ఇతర పరివ్రాజకులు పక్షానికి కొన్ని రోజుల్లో ఒకచోట చేరి బోధ చేసేవారు, వినడానికి జనం వెళ్లేవారు. మన భిక్షువులు కూడా ఆ రోజుల్లో చేరితే బాగుంటుంది కదా అని బింబిసారుడు బుద్ధుణ్ణి అడిగాడు. బుద్ధుడు అంగీకరించాడు. ఆ రోజుల్లో ఏదో మహిమ ఉందని బింబిసారుడు చెప్పలేదు. జనం రావడానికి అలవాటుపడిన రోజులు అవి, అంతే. తిథిని పట్టుకోవడానికైనా, ఆదివారానికి జరపడానికైనా ముందు ఈ కథ గుర్తుంచుకోవాలి.

ఆదివారం పరాయివాళ్ల రోజు అన్న మాట కూడా మా వాదనలో వచ్చింది. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మనకుంది. ఈ దేశపు మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దయతో దొరకలేదు. జ్యోతిరావు ఫూలే సత్యశోధక ఉద్యమంలో పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టారు. ఏళ్ల తరబడి అడిగాక 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆ తర్వాత బాబాసాహెబ్ 1942 నుండి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు, ఫ్యాక్టరీ కార్మికుడికి వేతనంతో కూడిన సెలవు 1945 సవరణతో చట్టంలోకి వచ్చింది. వారానికి 48 గంటల పని 1946లో వచ్చింది. కాబట్టి ఆదివారం మీద ఫూలే శిష్యుడి చెమట ఉంది, జీతంతో దొరికే సెలవు మీద బాబాసాహెబ్ సంతకం ఉంది.

ఇదంతా చెప్పుకున్నాక వాదన ఆదివారం వైపు మొగ్గింది. అప్పటిదాకా వెనక కూర్చుని వింటున్న ఒక సోదరి నోరు విప్పింది. ఆమె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కాంట్రాక్టరు కింద వార్డులు శుభ్రం చేస్తుంది.

“ఆదివారం నాకు సెలవని ఎవరు చెప్పారన్నయ్యా? మా వార్డుకి ఆదివారం లేదు, పున్నమి లేదు. రాకపోతే ఆ రోజు కూలి కోస్తారు. మీరు ఏ రోజు పెట్టుకున్నా నేను డ్యూటీ దిగి వచ్చేసరికి అందరూ చెప్పులేసుకుంటూ ఉంటారు” అంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రెండు వారాలుగా మేం లెక్కవేస్తున్నది సెలవు ఉన్నవాళ్ల సౌకర్యం. ఆమె లాంటివాళ్లు మా కూటమిలో ఎందరున్నారో అక్కడే వేళ్ల మీద లెక్కపెట్టాం. ఆసుపత్రి, హోటలు, ఇళ్లలో పని, సెక్యూరిటీ, ఫ్యాక్టరీ షిఫ్టు. సగం కంటే ఎక్కువే తేలారు.

ఆ రోజు మాతో ఒక సత్నామీ పెద్దాయన ఉన్నారు. గురు ఘాసీదాస్ 1756 డిసెంబర్ 18న గిరౌద్‌పురిలో పుట్టారు. మనుషులంతా ఒక్కటేనని చెప్పిన గురువు. ఆయన జయంతికి ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వ సెలవు ఉంది. “మా చిన్నప్పుడు ఎవరికి సెలవు? వరి కోసి, కట్టలు మోసి, చీకటి పడ్డాక జైత్‌ఖామ్ దగ్గర చేరేవాళ్లం. తెల్ల జెండా ఎక్కించేవాళ్లం. పంథీ ఆట తెల్లవార్లూ సాగేది. జనం వస్తూ ఉన్నారు కాబట్టి సర్కారు తర్వాత సెలవిచ్చింది” అన్నారు ఆయన. నాగపూర్ దీక్షాభూమి కథ కూడా ఇలాంటిదే. 1956 అక్టోబర్ 14న అశోక విజయదశమి నాడు లక్షల మంది దీక్ష తీసుకున్నారు. తర్వాతి ఏళ్లలో దసరా ఒక తేదీన, అక్టోబర్ 14 ఒక తేదీన వస్తుంటే జనం ఏది సరైనదని ఆగిపోలేదు. రెండు రోజులూ వస్తూనే ఉన్నారు.

చీకటి పడ్డాక అన్న మాట దగ్గర మాకు దారి కనిపించింది. పున్నమి చంద్రుడు ఉదయించేది సూర్యుడు అస్తమించే వేళకే. అప్పటికి పగటి డ్యూటీలు దిగుతారు. మే నెలలో రాయపూర్ ఎండకు పగటిపూట డాబా మీద అడుగు పెట్టలేం కూడా. ఆలోచిస్తే మిగతా దేశాల్లోనూ వెసాక్ కళ అంతా రాత్రిదే. థాయిలాండ్‌లో సాయంత్రం పువ్వు, అగరుబత్తి, కొవ్వొత్తి పట్టుకుని మూడుసార్లు ప్రదక్షిణ చేస్తారు. కొరియాలో వీధుల నిండా దీపాల ఊరేగింపు. ఆ దీపోత్సవాన్ని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. కొలంబోలో జనం బయటికి వచ్చేదే లాంతర్లు వెలిగాక. వీధి పక్కన దన్సల్ అనే ఉచిత అన్నశాలలు పెడతారు. నీ పేరేమిటి, ఇంటిపేరేమిటి అని అడగకుండా వచ్చినవాడికల్లా పెడతారు. విస్తరి వేయడానికి ముందు కులం వాకబు చేసే నేల మీద పుట్టినవాళ్లం మనం. ఆ దన్సల్ విలువ మనకు ఇంకెవరూ చెప్పనక్కరలేదు.

ఇక్కడి నేలకూ అలాంటి అలవాటు ఒకటి ఉంది. పుష్య పున్నమిని ఛత్తీస్‌గఢ్‌లో ఛేర్‌ఛేరా పున్నీ అంటారు. కోతలై ధాన్యం ఇల్లు చేరాక పిల్లలు, పెద్దలు ఇంటింటికీ వెళ్లి వడ్లు అడుగుతారు. ఆ రోజు ఎవరినీ ఉత్త చేతులతో పంపకూడదు. శ్రీలంకలో అదే పున్నమి దురుతు పోయ. దానం అనే మాట ధమ్మగ్రంథాల్లోనే కాక, ఈ మట్టిలో కూడా మిగిలి ఉందని నాకు ఏటా అప్పుడే అనిపిస్తుంది.

చివరికి పున్నమి నాడే, సాయంత్రం ఏడు గంటలకు, ఒక ఉపాసకుడి డాబా మీద పెట్టుకున్నాం. సుజాత పాయసాన్ని తలచుకుని పెద్ద గిన్నెతో పాయసం కాచాం. ఏడింటికి వచ్చినవాళ్లతో త్రిశరణ పంచశీల అయింది. ఎనిమిదిన్నరకు ఆసుపత్రి సోదరి, ఆమెతో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు యూనిఫారం మీదనే వచ్చారు. వాళ్లతో రెండోసారి చెప్పాం. ఈసారి కొవ్వొత్తి ఆమె చేత వెలిగించాం. పదింటికి షిఫ్టు దిగిన సిల్తరా కుర్రాళ్లు పదకొండు కావస్తుండగా బైకుల మీద వచ్చారు. మళ్లీ చాపలు పరిచాం. “త్రిశరణాలు మూడుసార్లు చెప్పాలి కదా, ఇదే మూడోసారి” అన్నాడు వాళ్లలో ఒకడు. అందరం నవ్వాం. పాయసం అడుగంటింది గానీ అందరికీ అందింది.

దీనితో సెలవు అడగడం మానేశామని కాదు. సర్దుబాటు మనం చేసుకున్నాం కదా అని యజమానిని వదిలేస్తే లోఖండే, బాబాసాహెబ్ చేసిన పని వృథా. బుద్ధ పూర్ణిమకు, ఏప్రిల్ 14కు జీతం కోయకుండా సెలవు ఇమ్మని ఆ సోదరీ, ఆమెతోటివాళ్లూ సంతకాలు చేసిన కాగితం కాంట్రాక్టరుకు ఇచ్చారు. హిందీలో రాసిపెట్టింది మేమే. జవాబు ఇంకా రాలేదు. మళ్లీ ఇస్తాం.

ఇది చదివే ఉపాసకులకు ఒక మనవి. వచ్చే వైశాఖానికి మీ ఊళ్లో తేదీ, వేళ నిర్ణయించే ముందు మీ సంఘంలో సెలవు లేనివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. మీరు ఏ గంటకు రాగలరు అని ఒక్కొక్కరినీ అడగండి. ముందు ఆ గంట రాసి, మిగతా కార్యక్రమం దాని చుట్టూ పెట్టండి. వక్తలు కాసేపు ఎదురుచూడవచ్చు.

నమో బుద్ధాయ. జై భీమ్.