సశేషం

మా ఇంట్లో నాకో ముద్దుపేరుంది. "సశేషం". పెట్టింది మావారు. పెళ్లయిన మూడో ఏడో నాలుగో ఏడో పెట్టారు, ఇప్పటికీ సరదా పుట్టినప్పుడు అలాగే పిలుస్తారు. నేను ఏ సినిమా కథ చెప్పడం మొదలుపెట్టినా సగంలో ఆపేసి, "ఆ తరవాత ఏమయిందో తెలీదండీ, చంటివాడు ఏడిస్తే బయటికొచ్చేశాను" అంటానట. ఏ సీరియల్ నవల మాటెత్తినా, "చివరి రెండు వారాలూ పక్కింటావిడ వీక్లీ పట్టుకుపోయి మళ్లీ ఇవ్వలేదండీ" అంటానట. "నీ నోట శుభం కార్డు పడగా నేనింతవరకూ చూళ్లేదోయ్" అని నవ్వుతారు.

నవ్వితే నవ్వారు గానీ, ఉన్నమాటే. మీరు మాత్రం గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి, మొదటినుంచి చివరిదాకా కదలకుండా కూర్చుని మీరు చూసినవీ, చదివినవీ, విన్నవీ ఎన్ని? కుక్కరు కూస్తుంది, పాలు పొంగుతాయి, పనిమనిషి తలుపు కొడుతుంది, అత్తగారు పిలుస్తారు. మన సాహిత్యమూ మన సంగీతమూ అన్నీ పోపు వేగేలోపు దొరికినవే కదూ!

అలాంటి నేను ఈ రెండు నెలల్లో మూడింటిని చివరంటా ముట్టించాను. ఒక టీవీ కథ, ఒక పుస్తకంలో కథ, ఒక పాటకచేరీ. ఇది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

మొదట టీవీ సంగతి. "మాల్గుడి డేస్" గుర్తుందిగా? ఆర్.కె. నారాయణ్ గారి కథల్ని శంకర్ నాగ్ సీరియల్‌గా తీశాడు. 1986, 87 ప్రాంతాల్లో దూరదర్శన్‌లో వచ్చేది. కర్ణాటకలో ఆగుంబె అనే ఊరికి వెళ్లి, దాన్నే మాల్గుడి చేసేశారు. టైటిల్స్‌లో నారాయణ్ గారి తమ్ముడు లక్ష్మణ్ గీసిన బొమ్మలు, ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ బాణీ! అది వినపడితే చాలు, వీధిలో పిల్లలంతా వచ్చి మా ఇంట్లో వాలేవాళ్లు. వీధి మొత్తానికి ఉన్న మూడు టీవీల్లో ఒకటి మాది మరి. చాపలు పరచడం, అడిగినవాళ్లకి మంచినీళ్లివ్వడం నా వంతు. వచ్చీరాని హిందీతో, వచ్చీపోయే కరెంటుతో, ఆ మధ్యలోనే నేను చూసిన మాల్గుడి.

అందులో ఒక పోస్టుమాన్ కథ ఉంది. తానప్ప అని పాతకాలపు పోస్టుమాన్. ఉత్తరాలివ్వడమే కాదు, ప్రతి ఇంటి కష్టసుఖాలూ తనవే అనుకుంటాడు. రామానుజం గారమ్మాయికి సంబంధం సూచించింది కూడా అతనే. తీరా పెళ్లి దగ్గరపడ్డాక, ఆ ఇంటివాళ్ల దగ్గరి బంధువొకాయన ప్రమాదంలో ఉన్నాడని ఉత్తరం, వెనకే పోయాడని తంతి వస్తాయి. ఇస్తే పెళ్లి ఆగిపోతుంది. ఆ ముహూర్తం తప్పితే మళ్లీ ఆ సంబంధం దొరకదు. తానప్ప ఆ రెంటినీ దాచేస్తాడు.

సరిగ్గా అక్కడ పాలు పొంగాయి. నేను పరుగెత్తుకెళ్లి, పొయ్యి కట్టేసి, గట్టు తుడిచి వచ్చేసరికి తెరమీద పేర్లు పడుతున్నాయి. "ఏమయిందండీ చివరికి?" అని అడిగాను. మావారు పేపర్లోంచి తలెత్తకుండా, "ఏముంది, పెళ్లయిపోయింది" అన్నారు. పెళ్లయిపోతే కథ అయిపోయినట్టేనా? మగవాళ్లకి అలాగే అనిపిస్తుంది కాబోలు!

నాకు మాత్రం అయిపోలేదు. కారణం ఉంది. అంతకు రెండేళ్ల ముందు నేను పురిటికి పుట్టింట్లో ఉండగా మా అమ్మమ్మ కాకినాడలో పోయింది. ఆ కబురు నాకు చెప్పలేదు. అమ్మ ఏదో పనుందని నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చింది. "అమ్మమ్మ ఎలా ఉందే?" అని నేనడిగితే "బాగానే ఉంది" అని, చంటివాడికి నలుగు పెడుతూ కూర్చుంది. నెల దాటాక గానీ నాకు తెలియలేదు. అమ్మమ్మ చేతిలో పెరిగినదాన్ని, ఆఖరి చూపుకి ఎలాగూ వెళ్లలేను, ఏడవడానికైనా నోచుకోలేదే అని లోపల ఎంతో కోపం. పైకి ఒక్కమాట అనలేదు. కన్నతల్లి పోయిన దుఃఖం దిగమింగుకుని నాకు పత్యం వండిపెట్టిన మనిషిని ఏమని అడుగుతాను?

అందుకని తానప్పని రామానుజం గారు ఏమన్నారో నాకు కావాలి. ఉద్యోగం ఊడగొట్టించాడని కొన్నాళ్లు ఊహించుకున్నాను, కావలించుకుని ఏడ్చాడని కొన్నాళ్లు. ముప్పయి ఏళ్లు దాటినా ఆ మనిషి నా మనసులో ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

మొన్న మా అబ్బాయి సెలవుకి వచ్చి, టీవీకి ఇంటర్నెట్ తగిలించి, "ఏం కావాలో అడగమ్మా, అన్నీ ఉన్నాయి" అన్నాడు. అదే అడిగాను. అమ్మ కూడా పక్కన కూర్చుంది. ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది, ఎనభై నాలుగేళ్లు. సీరియల్లో అటూ ఇటూ చేశారేమోనని, తరవాత నారాయణ్ గారి కథ కూడా తెప్పించి చదివాను. తానప్ప తనంతట తనే వచ్చి తప్పు ఒప్పుకుంటాడు. పైవాళ్లకి చెప్పి తన ఉద్యోగం తీయించినా సరేనంటాడు. రామానుజం ఫిర్యాదు చెయ్యనంటాడు. అలా చెయ్యకుండా ఉండాల్సిందని మాత్రం అంటాడు. అంతే. తిట్టడు, మెచ్చుకోడు. నేనల్లిన ముగింపులన్నీ దీనిముందు వెలవెలపోయాయి. ఇన్నేళ్లూ నేను అమ్మతో అనాలనుకుని, మాటలు దొరక్క అనలేనిది ఆ రెండు ముక్కలే!

అమ్మ కాసేపు ఊరుకుని, "నీకు చెప్పొద్దని ఆపింది నేనేనే" అంది.

"తెలుసమ్మా" అన్నాను.

"చెప్పాల్సిందా?"

"చెప్పాల్సింది. అయినా పరవాలేదు."

అమ్మ తల ఊపి, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. పాలు పొంగకపోతే ఈ మాటలు ముప్పయి ఏళ్ల ముందే అయిపోయేవేమో!

ఇక రెండోది పుస్తకం. అబ్బూరి ఛాయాదేవి గారి కథలు. 2005లో "తన మార్గం" పుస్తకానికి ఆవిడకి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2019లో కన్నుమూశారు. గట్టిగా అరిచి చెప్పే రచయిత్రి కారావిడ. పక్కన కూర్చుని మామూలు కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది, కథ అయ్యాక గానీ చురుక్కుమన్నది తెలియదు. ఆవిడ కథల్లో "సుఖాంతం" అని ఒకటుంది. ఆ కథలో మనిషికి నగలూ అక్కర్లేదు, చీరలూ అక్కర్లేదు. చిన్నప్పటినుంచీ కోరుకున్నదల్లా కంటినిండా నిద్ర! ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. పుట్టింట్లో ఒకందుకు, అత్తింట్లో ఒకందుకు. పోస్టుమాన్ కథ ముగింపు చెప్పేశాను గానీ దీని ముగింపు చెప్పను. మీరు చదవండి. అయితే ఒక్క కూర్చోవడంలో చదవండి. నేను అలాగే చదువుదామని మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాను.

అప్పుడు కనిపెట్టాను ఒక విచిత్రం. నాలుగు పేజీలు చదివి లేచి వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. పొయ్యిమీద ఏమీ లేదు. పిల్లలు రెక్కలొచ్చి ఎవరి ఊళ్లో వాళ్లున్నారు. మావారు గుర్రు పెడుతున్నారు. మరి నేనెందుకు లేచినట్టు? ఒకప్పుడు మనల్ని ఎవరో ఒకరు లేపేవాళ్లు. ఇప్పుడు ఎవరూ లేపకపోయినా మనమే లేస్తున్నాం! గానుగెద్దుని విప్పి వదిలినా గుండ్రంగానే తిరుగుతుందంటారు చూడండీ, అలాగ. నన్ను చూసి నాకే నవ్వొచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. తిరిగొచ్చి కథ మొదటినుంచీ చదివాను. చివరిదాకా కదల్లేదు.

ఆ పట్టుదలతోనే మూడోదానికి సిద్ధపడ్డాను. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక సాయంత్రం గాత్ర కచేరీ. పాడేది ముప్పయ్యేళ్లు కూడా నిండని అమ్మాయి. అమ్మని తీసుకెళ్లాను. మా అమ్మ కాకినాడ పిల్ల. పదిహేడో ఏట పెళ్లయ్యేదాకా సంగీతం నేర్చుకుంది. సరస్వతీ గానసభ కచేరీలకి తాతగారు వెంటబెట్టుకెళ్లేవారుట. ఆడపిల్ల రాత్రి పొద్దుపోయేదాకా ఉండకూడదని సగంలో ఇంటికి పంపించేసేవారుట. పెళ్లయ్యాక సరేసరి. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి రేడియోలో సంగీత జాతీయ కార్యక్రమం వస్తుంటే నాన్నగారు వాలుకుర్చీలో వినేవారు. అమ్మ వంటిల్లు కడుక్కుంటూ కిటికీలోంచి వినేది. ఎప్పుడైనా కచేరీకి వెళ్లినా, తని ఆవర్తనం మొదలుకాగానే లేచొచ్చేసేది. "మంగళం దాకా ఉంటే ఇంట్లో నాకు మంగళహారతులే" అనేది.

కచేరీ పద్ధతి మీకు తెలిసిందే. ఇప్పుడు మనం వినే ఈ వరస అరియకుడి రామానుజ అయ్యంగార్ గారు స్థిరపరిచిందంటారు. ముందు వర్ణం, తరవాత చిన్నా పెద్దా కృతులు, నడుమ విస్తారంగా ఒక పెద్ద రాగం, నెరవు, స్వరకల్పన, అప్పుడు మృదంగానికీ పక్కవాద్యాలకీ వదిలిపెట్టే తని. తనిలో సగం హాలు కాఫీకి లేస్తుంది. మిగతా సగంలో ఆడవాళ్లు ఇళ్లకి లేస్తారు. తరవాత జావళీలూ తిల్లానాలూ, చివర మంగళం.

ఆ రోజు ఆ పిల్ల తోడి రాగం ఎత్తుకుంది. తోడిని గబగబా పాడటానికి లేదు. స్వరాలు నిలబడవు, ఊగుతూనే ఉండాలి. ఆ పిల్ల తొందరపడలేదు. ఒక్కొక్క మెట్టూ ఎక్కి, అక్కడ కాసేపు కూర్చుని, మళ్లీ పై మెట్టుకి వెళ్లింది. ఫిడేలు అబ్బాయి ఆమె అన్న ప్రతిమాటకీ "ఊఁ, తరవాత?" అన్నట్టు వాయించాడు. అమ్మ కళ్లు మూసుకుంది. వేళ్లు మాత్రం తొడమీద కదులుతున్నాయి. ఆ వేళ్లకి తాళం ఇంకా గుర్తుందని నాకు అంతవరకూ తెలియదు.

తని మొదలయింది. మృదంగం మొదటి విసురు వినపడగానే అమ్మ కళ్లు తెరిచి, కాళ్లతో చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. చేతిసంచీ ఒళ్లోకి లాక్కుంది.

"ఎక్కడికమ్మా?" అన్నాను.

"టైమయింది కదే. అన్నాలు..."

"ఎవరికి?"

"అల్లుడుగారికి."

"ఆయన పెరుగన్నం తిని పడుకుని ఉంటారు. ఆయనే కదే మనల్ని పంపించారు!"

అమ్మ నావైపు అదోలా చూసింది. "ఎవరికి" అన్న ప్రశ్న అరవై ఏళ్లలో తననెవరూ అడిగినట్టు లేదు. జవాబు కోసం కాసేపు వెతుక్కుంది. దొరకలేదు. చెప్పులు వదిలేసి, కాళ్లు మళ్లీ పైకి మడుచుకుని కూర్చుంది. మృదంగమూ ఘటమూ ప్రశ్నలూ జవాబులూగా పోటీపడి, చివరికి ఒక్కటై ముక్తాయింపు పడ్డాక హాలంతా చప్పట్లు కొడుతుంటే, "ఇదా ఇన్నాళ్లూ నేను వదిలేసి వెళ్లింది!" అంది. కోపంగా అందో సంతోషంగా అందో చెప్పలేను.

చివరికి మంగళం. త్యాగరాజస్వామి సౌరాష్ట్ర రాగంలో కట్టినది. హాల్లో ముప్పయి మందిమి మిగిలామేమో! నా పక్కనుంచి సన్నగా ఇంకో గొంతు వినపడింది. అమ్మ పాడుతోంది. గొంతు వణుకుతోంది గానీ ఒక్కమాట తప్పలేదు. నేనటు తిరిగి చూడలేదు. చూస్తే ఆపేస్తుందని.

ఆటోలో అడిగాను, "నీకు మంగళం వచ్చని ఎప్పుడూ చెప్పలేదేమే?" అని.

"మేష్టారు నేర్పారే. పాడటానికి ఎప్పుడూ అంతవరకూ వెళ్లలేదు" అంది. ఇంకాస్త దూరం వెళ్లాక, "వచ్చే నెల కూడా ఉంటుందిటనే? అడిగావూ?" అంది.

ఇంటికొచ్చేసరికి మావారు మెలకువగానే ఉన్నారు. "ఏమోయ్ సశేషం, ఎక్కడిదాకా విన్నారేమిటి?" అన్నారు.

"మంగళం దాకా."

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "అయితే నీ పేరు మార్చాల్సిందే" అన్నారు.

లోపల అమ్మ కాళ్లు కడుక్కుంటూ ఇంకా తోడి తీస్తూనే ఉంది. వచ్చే నెల కచేరీ ఏ తారీకునో కనుక్కోమని నాకు మళ్లీ కేకేసి చెప్పింది. సశేషమంటే సగంలో ఆగిపోయిందని ఇన్నాళ్లూ చిన్నబుచ్చుకున్నాను. ఇంకా ఉందని కూడా కదా అర్థం!

"అక్కర్లేదు లెండి, అదే ఉంచండి" అన్నాను.