చెమట పట్టిందో... చలికి చిక్కినట్టే!

మంగోలియాకి పడమటి కొసన, ఆల్టాయ్ పర్వతాల మధ్య ఉంటుంది బయాన్ ఉల్గీ. జనవరిలో అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకు పడిపోవడం మామూలే. అంత చలిలో ఎవరైనా దుప్పటి ముసుగేసి పడుకుంటారు. అక్కడి కజక్‌లు మాత్రం సరిగ్గా అప్పుడే వేటకు బయల్దేరతారు! మంచు పడితేనే కదా నక్క అడుగుజాడలు కనపడేది. దాని బొచ్చు ఒత్తుగా పెరిగేదీ అప్పుడే. వాళ్ల చేతిలో తుపాకీ ఉండదు. ముంజేతిమీద గోల్డెన్ ఈగిల్ జాతి గద్ద ఉంటుంది, అంతే.

గుర్రమ్మీద కొండెక్కాలి. ఎక్కాక గాలికి ఎదురుగా గంటల తరబడి కదలకుండా కాపు కాయాలి. గద్ద ఎంత గట్టిదైనా, కాలివేళ్లు కొయ్యబారితే వేట అక్కడితో సరి. అందుకే బూట్ల దగ్గర రాజీపడరు. తోలు బూటు లోపల ఫెల్ట్ మేజోడు వేస్తారు. గొర్రె ఉన్నిని తడిపి, చుట్టచుట్టి, దొర్లించి దొర్లించి చేసే దళసరి సరుకది. బూటు కాస్త వదులుగానే ఉండాలి. బిగుతైతే రక్తం సరిగ్గా ఆడదు, వేళ్లు ముందు మొద్దుబారేది అందుకే.

ఇక ఒంటిమీద గొర్రెతోలు కోటు, బొచ్చు లోపలివైపుకి. నడుముకి బెల్టు. నెత్తిన చెవులు కప్పే నక్కతోలు టోపీ, ఒకప్పటి వేటలో దొరికిందే! కుడిచేతికి మందపాటి తోలు తొడుగు. అది చలికంటే గద్ద గోళ్లకి భయపడి. ఆరు కిలోల దాకా తూగే పక్షిని మోస్తూ చెయ్యి పడిపోకుండా, జీనుకి ఆన్చిన పంగల కర్ర ఆసరా.

ఇన్ని వేసుకున్నా అసలు శత్రువు మంచు కాదు, చెమట. గాలికంటే నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఎక్కేటప్పుడు కోటు వదులు చేసి, ఆగగానే బిగించేది అందుకే. కాటన్ బనియన్, జీన్స్‌తో వెళ్లే పర్యాటకుడికి ఈ కిటుకు తెలియదు. చెమటతో తడిసిన కాటన్ ఒంటికి అతుక్కుంటే ఇక వణుకే. ఉన్ని అలా కాదు, తడిసినా వెచ్చదనం పూర్తిగా వదలదు. వానలో గొంగడి కప్పుకుని గొర్రెలు కాసే తెలంగాణ కాపరికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు!

2016లో వచ్చిన 'ది ఈగిల్ హంట్రెస్' డాక్యుమెంటరీలో పదమూడేళ్ల ఐషోల్పాన్ తండ్రితో కలిసి ఇలాంటి కొండలే ఎక్కుతుంది. గుర్రాలు మంచులో కూరుకుపోతుంటాయి. బొచ్చు టోపీలోంచి ఆ పిల్ల ముఖం మాత్రం ఎర్రగా మెరుస్తుంటుంది.

చీకటి పడేలోపు ఇల్లు చేరగానే ముందు గద్దకి మాంసం. ఆ వెంటనే బూట్లు విప్పి, ఫెల్ట్ మేజోళ్లు బయటికి లాగి పిడకల పొయ్యి పక్కన ఆరేస్తారు. తెల్లారేసరికి అవి పొడిగా ఉంటేనే మళ్లీ కొండెక్కేది.