పప్పు తింటే కుట్లకు చీము పడుతదా?

అన్నలూ, తమ్ముళ్లూ, ఇరవై నాలుగు గంటల నొప్పి అంటం సూడుండ్రి, అదే అపెండిసైటిస్. ఆపరేషన్ అయినోళ్లను చూడబోతే మన దగ్గర ఒకటే మాట: పప్పు పెట్టకుండ్రి, చీము పడుతది! పప్పుతోని చీము రాదు. పైగా గాయం మానాలంటే పప్పుల ఉండే బలమే కావాలె. అపెండిక్స్ పెద్దపేగుకు ఉండే చిన్న తోక. దాన్ని కోసేటప్పుడు పేగుల క్రిములు గాయంల పడితే చీము పడుతది.

అందుకే కోతకు ముందే, మామూలుగ గంట లోపల, నరానికి యాంటీబయాటిక్ సూది ఇస్తరు. పల్లి గింజకు విత్తనశుద్ధి చేసినట్టు. కత్తి పడే యాళ్లకు మందు రక్తంల ఉండాలె. అపెండిక్స్ పగలకపోతే మామూలుగ ఆ సూదే చాలు. ముందుజాగ్రత్త మందును ఆపరేషన్ అయినంక సాగదీయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లనే చెప్పింది.

పగిలితే లెక్క వేరు. డాక్టర్ చెప్పినన్ని రోజులు వాడాలె, మధ్యల ఆపొద్దు. పగిలిందా లేదా, మందు ఎన్ని రోజులని డిశ్చార్జి రోజే అడిగి చీటీ మీద రాయించుకోండి.

అట్ల అడగకుండ పెబ్బేరుల బస్సు దిగి, మెడికల్ షాపుల "ఇంకో ఐదు రోజులకు గట్టి గోలీలు ఇయ్యి" అనుడు నాకు అస్సలు నచ్చదు. బీటీ పత్తికి గులాబి పురుగు అలవాటు పడ్డట్టు క్రిములు గూడ మందుకు అలవాటు పడతయ్. రేపు నిజంగ అవసరం పడ్డనాడు ఆ మందు పనిచెయ్యదు.

కుట్ల చుట్టూ ఎర్రబడి ఉబ్బినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆర్ఎంపీ దగ్గర సూది ఏపిచ్చుకోకుండ్రి. ఆపరేషన్ చేసిన దవాఖానకే, అదే రోజు పోండి.